పాత ఇంటి మీద ఇంకో అంతస్తు, కింద షట్టర్: దేనికి పర్మిషన్ కావాలి, దేనికి అక్కర్లేదు?

మల్కాజ్‌గిరి నుంచి:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్లు చెప్పండి. మాది 150 గజాల్లో ఇల్లు. నాన్న 1999లో కట్టించారు. కింద మేముంటాం, పైన కిరాయికి ఇచ్చాం. ఎప్పుడైనా ఇంకో అంతస్తు వేసుకోవచ్చని పై స్లాబు మీద పిల్లర్ల చువ్వలు అప్పుడే వదిలి పెట్టారు. ఇప్పుడు తమ్ముడు పిల్లల చదువుల కోసం కరీంనగర్ నుంచి ఇక్కడికి వచ్చేస్తానంటున్నాడు, వాళ్లకి పైన రెండు గదులు, వంటగది వేద్దామనుకుంటున్నాం. ఎలాగూ పని పెట్టుకుంటున్నాం కదా అని కింద ఫ్లోరింగ్ మార్చి, బాత్రూములు రెండూ కొత్తగా చేయించి, హాలుకీ చిన్న బెడ్రూముకీ మధ్య గోడ తీసేసి, ముందు కారు పెట్టుకునే చోట షట్టర్ వేసి మా ఆవిడతో టైలరింగ్ షాపు పెట్టిద్దామని కూడా ఉంది. మేస్త్రీని అడిగితే "సొంతింటికి పర్మిషన్ ఏందన్నా, ఎవరన్నా వస్తే నేను చూసుకుంట" అంటున్నాడు, 50 వేలు అడ్వాన్సు ఇస్తే వచ్చే వారమే మొదలుపెడతాడట. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇందులో దేనికి మున్సిపల్ పర్మిషన్ కావాలి?

నేరేడ్‌మెట్ నుంచి:

మా గల్లీలో ఐదారు ఇళ్ల మీద ఇలాగే వేశారండి, ఎవరూ ఏమీ అనలేదు. పైగా కొత్త అంతస్తుకి ఇంటి పన్ను కూడా వేశారు. పన్ను కట్టించుకుంటున్నారంటే ఒప్పుకున్నట్టేగా. మేస్త్రీ నమ్మకస్తుడైతే మొదలుపెట్టేయండి.

ఎల్‌బీ నగర్ నుంచి, సైట్ ఇంజినీర్:

ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకముందే ఇది చదవండి. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఎక్కువగా పాత ఇళ్ల మీద పనులే.

ముందు ఆ పన్ను సంగతి. పన్ను వేయడం వేరు, కట్టడానికి అనుమతి ఇవ్వడం వేరు. అక్కడ కట్టడం కనబడుతోంది కాబట్టి పన్ను వేస్తారు, అంతే. అనుమతి లేని కట్టడం మీద జరిమానాతో కలిపి ఎక్కువ పన్ను వేసే వీలు కూడా చట్టంలోనే ఉంది. ఆ రసీదు చూపించి "మాది సక్రమమే" అంటే ఏ ఆఫీసులోనూ చెల్లదు. పక్కింటివాళ్లు వేశారు కదా అన్నది అంతకన్నా చెల్లదు, ఎందుకంటే ఫిర్యాదు వచ్చేది ఒక్క ఇంటి మీదే.

ఇక మీ పనులు. మీరు అన్నింటినీ కలిపి ఒకే పనిలా అడిగారు, అందుకే మేస్త్రీ కూడా ఒకే మాటలో తేల్చేశాడు. ఎంత ఖర్చవుతోందన్నది కాదు లెక్క. ఇంటి బరువు మోసేదాన్ని ముట్టుకుంటున్నారా, ఇంటి కొలత పెరుగుతోందా, ఇంటి వాడకం మారుతోందా, ఈ మూడే చూడాలి. ఇరవై లక్షలు పెట్టి ఇటాలియన్ మార్బుల్ వేయించినా ఎవర్నీ అడగక్కర్లేదు. అదే రెండు లక్షలతో పైన ఒక గది లేపితే అడగాలి.

ఫ్లోరింగ్, సున్నం, రంగులు, పాడైన ప్లాస్టరింగ్, ఉన్నచోటే బాత్రూములు కొత్తగా చేయించడం, కరెంటు వైరింగ్, తలుపులు, కిటికీ రెక్కలు, వంటింటి గట్టు, వీటికి పర్మిషన్ అక్కర్లేదు. రేపే మొదలుపెట్టుకోండి.

మధ్య గోడ దగ్గర మాత్రం ఆగండి. మీది పిల్లర్ల ఇల్లు అంటున్నారు, అయితే అది నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయ్యుండొచ్చు, తీసేసినా స్లాబుకి ఏమీ కాదు. కానీ 1999 నాటి ఇళ్లలో ముందు సగం పిల్లర్లు, వెనక సగం తొమ్మిదంగుళాల గోడల మీదే స్లాబు వేసినవి చాలా చూశాను. గోడ మందం కొలవండి. గోడ పైన దూలం కనబడుతోందా, పై అంతస్తులో సరిగ్గా దాని మీదే ఇంకో గోడ నిలబడి ఉందా, ఈ రెండూ చూడండి. స్లాబు మోసే గోడగానీ, బయటి గోడగానీ, పక్కింటితో ఉమ్మడి గోడగానీ తీయాలన్నా మళ్లీ కట్టాలన్నా అది మరమ్మతు కింద రాదు, కార్పొరేషన్‌కి చెప్పి చేయాల్సిన మార్పు అవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఇంట్లో ఇలాంటి గోడే తీసేశాక నన్ను పిలిచారు. పై అంతస్తు కిటికీ మూల నుంచి ఐమూలగా ఒక బీట దిగింది, మొదటి రోజు వెంట్రుకంత ఉంది, పదిరోజుల్లో అందులో పది రూపాయల బిళ్ల దూరింది. కింద జాకీలు పెట్టి, ఇనప దూలం ఎక్కించి సరిచేయడానికి అయిన ఖర్చు ఆ ఇంటి ఫ్లోరింగ్ మొత్తం ఖర్చుకన్నా ఎక్కువ.

పై అంతస్తుకి తప్పకుండా పర్మిషన్ కావాలి, అందులో రెండో మాట లేదు. చువ్వలు వదిలారంటే మీ నాన్నగారికి ఆలోచన ఉందని అర్థం, అంతేగానీ అనుమతి ఉందని కాదు. 1999లో ఇచ్చిన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో అదే మీ అనుమతి. అప్పట్లో మీది మల్కాజ్‌గిరి మున్సిపాలిటీ, 2007లో జీహెచ్‌ఎంసీలో, అంటే గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది, కాబట్టి పాత ముద్రతో ఉన్న ప్లాన్ కాయితం ఇంట్లో బీరువాలో ఎక్కడో ఉండాలి, వెతకండి. అది దొరక్కపోతే పని కష్టమవుతుంది.

షట్టర్ విషయం మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ ఆలోచన మానేయండి. కారు పెట్టే జాగా పార్కింగ్ కింద చూపించింది, లేదా ముందు వదలాల్సిన సెట్‌బ్యాక్, అంటే ఇంటికీ ప్రహరీకీ మధ్య ఖాళీగా ఉంచాల్సిన జాగా. దాన్ని షాపు చేస్తే పార్కింగూ పోతుంది, సెట్‌బ్యాకూ పోతుంది, ఇల్లు కాస్తా వ్యాపార వాడకంలోకి మారుతుంది. కరెంటు మీటరు కేటగిరీ, ఇంటి పన్ను, ట్రేడ్ లైసెన్సు అన్నీ దాని వెంటే వస్తాయి. మీ ఆవిడగారు ఇంట్లోనే ఒక గదిలో మిషను పెట్టుకుని కుట్టుకోవడం వేరే సంగతి, దానికోసం ఇల్లు పగలగొట్టక్కర్లేదు.

మల్కాజ్‌గిరి నుంచి:

మేడం, చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. 75 గజాల లోపైతే ఒక్క రూపాయి కడితే చాలంటారు, మాకు అలాంటిదేమైనా వర్తిస్తుందా? ఆన్‌లైన్‌లో వెంటనే ఇచ్చేస్తారని కూడా విన్నాను.

ఎల్‌బీ నగర్ నుంచి, సైట్ ఇంజినీర్:

మీరు విన్నది నిజమే, కానీ సగమే. 2020లో ఇళ్ల అనుమతుల కోసం టీఎస్ బీపాస్ అనే చట్టం వచ్చినప్పుడు పెట్టిన పద్ధతి అది. ప్లాటు 75 గజాల లోపు ఉండి, గ్రౌండ్ మీద ఒక్క అంతస్తు, మొత్తం ఎత్తు 7 మీటర్లు దాటకపోతే ప్లాన్ పర్మిషన్ అక్కర్లేదు, రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు. మీది 150 గజాలు, పైగా రెండో అంతస్తు, కాబట్టి అది మీకు రాదు. 500 చదరపు మీటర్ల లోపు, అంటే దాదాపు 600 గజాల లోపు ప్లాటులో, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. మీది ఇందులోకి వస్తుంది. 10 మీటర్లంటే సుమారు 33 అడుగులు, గ్రౌండ్ మీద రెండు అంతస్తులు అందులో పడతాయి, కానీ కింద పునాది ఎత్తుతో సహా టేపు పెట్టి కొలవాలి, అంచనాతో రాయకూడదు. అంతకన్నా పెద్దవాటికి సింగిల్ విండో, 21 రోజుల గడువు. 2025లో బిల్డ్‌నౌ అని కొత్త ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది, ఇప్పుడు దరఖాస్తు పెట్టాల్సింది అందులోనే.

అయితే "వెంటనే ఇస్తారు" అన్న మాట విని చాలామంది పొరపడుతున్నారు. వాళ్లు వెంటనే ఇస్తున్నది మీ మాట నమ్మి. "నేను చెప్పిన కొలతలన్నీ నిజం" అని మీరు సంతకం పెడుతున్నారు. తర్వాత వచ్చి చూస్తారు. అబద్ధమని తేలితే అనుమతి రద్దు, ముందస్తు నోటీసు కూడా లేకుండా తీసేయించే అధికారం అదే చట్టంలో ఉంది. కాబట్టి పర్మిషన్ ఎలా తెచ్చుకోవాలన్నది కాదు మీ సమస్య, మీ ఇల్లు ఇప్పుడు ఎలా ఉందన్నది. రేపు ఒక పని చేయండి. పాత ప్లాన్ తీసి, ఇంటి చుట్టూ నాలుగు వైపులా ఎంత వదిలారో టేపుతో కొలిచి ఇక్కడ రాయండి. పైకెక్కి ఆ చువ్వలు ఎలా ఉన్నాయో కూడా దగ్గరగా చూడండి.

వనస్థలిపురం నుంచి:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, కానీ ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నా. మేమూ పర్మిషన్ లేకుండానే రెండో అంతస్తు వేశాం, పన్నెండేళ్లు ఏమీ కాలేదు, ఇక అయిపోయిందనుకున్నాం. మా అమ్మ ఆపరేషన్‌కి ఇల్లు అమ్మాల్సి వచ్చింది. కొనేవాళ్లు బ్యాంకు లోనుకి వెళ్తే బ్యాంకు మనిషి వచ్చి, ప్లాన్ కాపీ చేతిలో పట్టుకుని అంతస్తులు లెక్కపెట్టి, ప్లాన్‌లో ఉన్న వరకే విలువ కడతామన్నాడు. వాళ్లు వెనక్కి తగ్గారు. తర్వాత వచ్చిన వాళ్లు నగదుకి కొన్నారు, మా అవసరం తెలిసి బాగా తగ్గించి కొన్నారు. కూల్చడానికి ఎవరూ రాలేదండి, కానీ పైన పెట్టిన డబ్బంతా పోయినట్టే. దయచేసి కాయితం చేతిలో పెట్టుకునే కట్టండి.

గోల్కొండ నుంచి:

కోట దగ్గర, చార్మినార్ దగ్గర ఇళ్లున్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక్కమాట. మాకు లెక్క వేరు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టనివ్వరు, పాత ఇంటి మరమ్మతుకి కూడా వాళ్ల అనుమతి కావాలి. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకూ కట్టడానికైనా మరమ్మతుకైనా అడగాల్సిందే. మా పెంకుటింటి వెనక గోడ వానకి కూలితే మళ్లీ లేపడానికి మాకు ఏడెనిమిది నెలలు పట్టింది. పైన మేడం చెప్పిన "ప్లాస్టరింగ్‌కి అక్కర్లేదు" అన్నది మా పక్క వాళ్లు అలాగే పట్టుకోవద్దు.

ఎల్‌బీ నగర్ నుంచి, సైట్ ఇంజినీర్:

నిజం, మంచి మాట గుర్తుచేశారు. అలాగే సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో, అంటే కార్ఖానా, తిరుమలగిరి వైపు ఉన్నవాళ్లకి కంటోన్మెంట్ బోర్డు నిబంధనలు వేరు, అక్కడ కార్పొరేషన్ పర్మిషన్ పనికిరాదు.

నల్లగండ్ల నుంచి:

ఫ్లాట్లలో ఉన్నవాళ్ల సంగతి కూడా చెప్పండి మేడం. మేము బాల్కనీని అద్దాలతో మూసి పిల్లాడి చదువు గదిలా చేద్దామనుకుంటున్నాం, వంటింటికీ హాలుకీ మధ్య గోడ కూడా తీద్దామని. పదిహేను అంతస్తుల టవర్ మాది.

ఎల్‌బీ నగర్ నుంచి, సైట్ ఇంజినీర్:

మీ టవర్ మైవాన్ పద్ధతిలో కట్టిందా అని ముందు కనుక్కోండి. అల్యూమినియం ఫ్రేములు పెట్టి గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. అందులో ఇటుక గోడ దాదాపు ఉండదు, మీరు అడ్డుగోడ అనుకునేది కూడా పై అంతస్తుల బరువు మోస్తూ ఉంటుంది. మేకు దిగక డ్రిల్లు వేడెక్కుతుంటే అది కాంక్రీటు గోడే. దాన్ని ముట్టుకోవద్దు, ఏసీ పైపుకి రంధ్రం చేయాలన్నా ఎక్కడ చేయాలో మెయింటెనెన్స్ వాళ్లని అడిగి చేయించండి. బాల్కనీ మూస్తే టవర్ బయటి రూపు మారుతుంది, అది ప్లాన్‌కి తేడా అవుతుంది. అసోసియేషన్‌లో నోటిమాటగా "సరే" అన్నా అది పర్మిషన్ కాదు. మడిచి తెరుచుకునే వెదురు తెరలు వేసుకోండి, వానజల్లు ఆగుతుంది, గాలీ వస్తుంది.

మల్కాజ్‌గిరి నుంచి:

మేడం, ప్లాన్ దొరికింది. అమ్మ పాత పట్టుచీరల కింద మడతపెట్టి దాచింది. నీలం రంగు కాయితం, మడతల దగ్గర చిరిగింది గానీ గుండ్రటి ముద్ర, సంతకం కనిపిస్తున్నాయి. గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ మాత్రమే ఉంది. రెండో అంతస్తు లేదు.

కొలతలు: ముందు ప్లాన్ ప్రకారమే ఉంది. ఎడమ, కుడి కూడా రెండు మూడు అంగుళాలు అటూఇటూ సరిపోయాయి. వెనక మాత్రం ప్లాన్‌లో 5 అడుగులు, కానీ నాన్న తర్వాత అక్కడ రేకులు వేసి ఒక బాత్రూము కట్టించారు, దానికీ ప్రహరీకీ మధ్య రెండడుగులే మిగిలింది.

చువ్వలు చూసి భయమేసింది. పైన సిమెంటు పూసిన చోట బాగానే ఉన్నాయి, స్లాబులోంచి బయటికొచ్చే చోట మాత్రం గోరుతో గీకితే పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఒకటైతే అక్కడ సన్నబడి పెన్సిల్‌లా అయిపోయింది. ఇరవై ఆరేళ్లు ఆ మొదట్లో వాననీళ్లు నిలిచాయి. మేస్త్రీ వీటికే కొత్త చువ్వలు కట్టేస్తానన్నాడు.

ఎల్‌బీ నగర్ నుంచి, సైట్ ఇంజినీర్:

వాటికే కట్టడం కుదరదు. ఈ ఒక్క మాట మీద మేస్త్రీతో గట్టిగా ఉండండి. తుప్పుతో సన్నబడ్డ చువ్వకి పక్కన ఎంత లావు కొత్త చువ్వ కట్టినా బరువు వెళ్లేది ఆ సన్న మొదలు నుంచే. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించండి. పిల్లర్ చుట్టూ స్లాబు కొంచెం చెక్కి మంచి ఇనుము ఎక్కడి నుంచి మొదలవుతుందో చూస్తారు. ఒక పిల్లర్ పక్కన గొయ్యి తవ్వి ఫుటింగ్, అంటే పిల్లర్ కింద పునాది ఎంత వెడల్పు, ఎంత లోతు, అది మూడో స్లాబు మోస్తుందో లేదో లెక్క కడతారు. ఈ సర్టిఫికెట్ దరఖాస్తుకి ఎలాగూ కావాలి, కానీ దానికోసమని కాదు, మీ పిల్లలు దాని కింద పడుకుంటారు కాబట్టి చేయించండి.

వెనక బాత్రూము దగ్గర దాచడానికి ఏమీ లేదు. పై అంతస్తుకి దరఖాస్తు పెడితే ఉన్న ఇంటిని ఉన్నట్టే గీసి చూపించాలి. ఇళ్ల కట్టడం నిబంధనలున్న 2012 నాటి 168 జీవోలో సెట్‌బ్యాక్ తేడా 10 శాతం లోపుంటే జరిమానాతో వదిలే వీలుంది, 5 అడుగులకి అది అర అడుగు, మీ తేడా మూడడుగులు. 2015లో వచ్చిన బీఆర్‌ఎస్‌లో, అంటే అనుమతి లేని కట్టడాల్ని సక్రమం చేసే పథకంలో రెగ్యులరైజ్ చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, అది కోర్టులో చిక్కుకుని ఉంది. మీది రేకుల బాత్రూమే కదా, తీసేయండి. ఎలాగూ లోపల రెండు బాత్రూములు కొత్తగా చేయిస్తున్నారు. అది పోతే మీ ఇల్లు ప్లాన్ ప్రకారం శుభ్రంగా నిలబడుతుంది, రెండో అంతస్తు అడగడానికి అప్పుడు దారి ఉంటుంది.

ఇంకో రెండు చూసుకోండి. మీ ముందు రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో వెడల్పు కాబోతోందా, అయితే ఆ మేరకు జాగా వదలమంటారు. సఫిల్‌గూడ చెరువుకీ, దగ్గర్లో ఉన్న ఏ నాలాకీ మీ ఇల్లు ఎంత దూరమో కూడా చూడండి. 10 హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు, 10 మీటర్ల వెడల్పు దాటిన నాలాకి 9 మీటర్లు, చిన్న నాలాకి 2 మీటర్లు వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు.

లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టుతోనో ఇంజినీర్‌తోనో ప్లాన్ గీయించి, ఇంటి డాక్యుమెంటు, ఈసీ (ఇంటి మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాయితం), పాత ప్లాన్, స్ట్రక్చరల్ ఇంజినీర్ సర్టిఫికెట్ జతచేసి పెట్టండి. అనుమతి వచ్చాక పని మొదలుపెట్టే ముందు ఆన్‌లైన్‌లోనే తెలియజేయాలి. మీలాంటి ఇళ్లకి మూడేళ్ల గడువుంటుంది, కంగారుపడి దసరాకే పని మొదలుపెట్టక్కర్లేదు. అయ్యాక ఓసీ, అంటే ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం తీసుకోవడం మర్చిపోకండి, వనస్థలిపురం వారికి జరిగింది మీకు జరగకూడదు.

నేరేడ్‌మెట్ నుంచి:

నేను పైన తెలియక రాశాను, తప్పుగా చెప్పినందుకు క్షమించండి. మా గల్లీలో వాళ్లకి కూడా ఇది పంపిస్తాను.

మల్కాజ్‌గిరి నుంచి:

తమ్ముడితో మాట్లాడాను. ఈ సంవత్సరానికి మా ఇంటికి రెండు గల్లీల అవతల కిరాయికి చూసుకుంటానన్నాడు. మేస్త్రీకి ఫ్లోరింగ్, బాత్రూముల వరకే చెప్పి 15 వేలు ఇచ్చాను, ముందు కాస్త గులిగాడు గానీ ఒప్పుకున్నాడు. షట్టర్ సంగతి మా ఆవిడే వద్దంది, చిన్న బెడ్రూములోనే మిషను పెట్టుకుంటుందట, కాబట్టి ఆ గోడ కూడా అలాగే ఉంటుంది. ఆదివారం ఇంజినీర్ గారు వస్తున్నారు, గొయ్యి ఏ పిల్లర్ దగ్గర తవ్వాలో గుర్తు పెట్టి ఉంచమన్నారు. వెనక రేకుల బాత్రూము నిన్ననే తీసేశాం, దానికే రెండు ట్రాక్టర్ల మట్టి, ఇటుకలు వచ్చాయి. ట్రాక్టర్ అతను చెరువు పక్కన ఖాళీ జాగాలో పోసేస్తానంటున్నాడు, పరవాలేదా?

ఎల్‌బీ నగర్ నుంచి, సైట్ ఇంజినీర్:

వద్దండి, అలా పోసే చెరువులు పూడిపోతున్నాయి. నిర్మాణ వ్యర్థాలకి కార్పొరేషన్ వాళ్లదే బండి ఉంది, జీడిమెట్లలో, ఫతుల్లగూడలో వాటిని ఇసుక, కంకరగా మార్చే ప్లాంట్లున్నాయి. బుక్ చేయండి, టన్నుల లెక్కన డబ్బు తీసుకుంటారు. ఫ్లోరింగ్ పగలగొట్టాక వచ్చేది కూడా కలిపి ఒకేసారి పంపిస్తే మీకు తక్కువలో పోతుంది. బస్తాల్లో నింపి ప్రహరీ లోపలే పెట్టండి, రోడ్డు మీద కాదు.

మల్కాజ్‌గిరి నుంచి:

సరే మేడం, ట్రాక్టర్ అతన్ని పంపించేశాను. బస్తాలు లోపలే పెట్టిస్తున్నా. ఆదివారం ఫుటింగ్ ఎలా ఉందో చూశాక ఫొటోలు పెడతాను.